కౌజు పిట్టలు గుడ్లు తగ్గించినయా, పెంకు పల్చబడ్డదా? మందు కొనేముందు వరుసగా చూడాల్సినవి

శంషాబాద్, చేవెళ్ల, ఘట్‌కేసర్ దిక్కు రెండొందలు ఐదొందల కౌజు పిట్టలు పెట్టుకున్నోళ్లు ఇప్పుడు చాలామంది కనబడుతున్నరు, మల్కాజ్‌గిరి ఉప్పల్ లాంటి చోట డాబా మీద యాభై పిట్టలతో నడిపేటోళ్లు కూడా ఉన్నరు. అందరూ అడిగేది ఒక్కటే, "అన్నా గుడ్లు తగ్గినయి, ఏం మందు వెయ్యాలె?" నేను తిరిగి అడిగేది కూడా ఒక్కటే, లైటు ఎన్ని గంటలు వేస్తున్నవ్, ఏం దాణా పెడుతున్నవ్, పిట్టల వయసెంత అని. ఈ మూడిట్లోనే సగానికి పైగా తేలిపోతది. మిగిలింది గుడ్డే చెప్తది, చూసే ఓపిక ఉండాలె అంతే. అందుకే ఈ గైడ్ మందుల లిస్టు కాదు, ఏది ముందు చూడాలె ఏది తర్వాత చూడాలె అనే వరుస.

ఇంకో మాట ముందే. ఇక్కడ చెప్పేదంతా జపనీస్ కౌజుల గురించి, అంటే ఫారాల్లో పెంచే జాతి. ఇది మన దేశానికి 1974లో వచ్చింది, తర్వాత ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ పెంచి జనంలోకి వదిలింది. పొలాల్లో వల వేసి పట్టే అడవి కంజుల జోలికి పోవద్దు, అది వన్యప్రాణి చట్టం కింద కేసు అయితది, పైగా అవి ఇట్ల గుడ్లు పెట్టవు కూడా.

స్టెప్ 1: ముందు లెక్క, తర్వాత బాధ

"గుడ్లు తగ్గినయి" అంటే సరిపోదు, ఎంత తగ్గినయో తెల్వాలె. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ మూడు అంకెలు రాయండి: బతికున్న పెట్టలు ఎన్ని, గుడ్లు ఎన్ని, దాణా ఎన్ని కిలోలు పోయింది. గుడ్లను పెట్టల సంఖ్యతో భాగించి వందతో గుణిస్తే పర్సెంటేజ్ వస్తది. 200 పెట్టలకి 164 గుడ్లు వస్తే 82 శాతం. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏందంటే మగ పిట్టల్ని కూడా కలిపి లెక్కేస్తరు, ఇక పర్సెంటేజ్ ఎప్పుడు చూసినా 60 దగ్గరే కనబడతది, లేని రోగానికి మందు కొంటరు.

మంచి పెట్ట ఆరేడు వారాల వయసులో మొదలుపెడతది, పది పన్నెండు వారాలకల్లా మంద మొత్తం మీద 80 నుంచి 90 శాతం మధ్యకి రావాలె. ఏడాదికి 250 నుంచి 300 గుడ్లు అంటరు, అది లైటూ దాణా అన్నీ సరిగ్గా ఉన్నప్పటి మాట. గుడ్డు బరువు 10 గ్రాములు అటు ఇటుగా. పెట్ట బరువుతో చూస్తే అది తక్కువేం కాదు, ఒంటి బరువులో ఇంచుమించు 6, 7 శాతం ప్రతిరోజూ బయటికి పంపుతున్నది, కోడి అయితే ఆ లెక్క 3 శాతం దగ్గరే ఉంటది. అందుకే దాణాలో చిన్న తేడా వచ్చినా కోడి నాలుగు రోజులు ఓర్చుకుంటదేమో గానీ కౌజు రెండో రోజుకే చూపిస్తది.

లెక్క ఎందుకు ముఖ్యమంటే డబ్బు అక్కడే పోతది కాబట్టి. పెట్ట రోజుకి 25 గ్రాములు తింటదనుకోండి, 80 శాతం పెడుతుంటే ఒక్కో గుడ్డుకి 31 గ్రాముల దాణా పడ్డట్టు, 50 శాతానికి పడిపోతే 50 గ్రాములు. దాణా కిలో 40 రూపాయలు అనుకుంటే ఒక గుడ్డు దాణా ఖర్చు రూపాయి పావలా నుంచి రెండు రూపాయలకి ఎక్కింది. పిట్టలు బానే ఉన్నయి కదా అని ఊరుకుంటే నెలాఖరుకి చేతిలో ఏం మిగలదు.

స్టెప్ 2: మందలో ఎవరున్నరో చూడండి

కొనేటప్పుడే నాలుగైదు వారాల పిట్టల్ని తీసుకోండి, అప్పటికి ఆడ మగ తేడా రంగులో తెలుస్తది. మగదానికి రొమ్ము మీద ఎర్రమట్టి రంగు సాఫీగా ఉంటది, పెట్టకి లేత గోధుమ రంగు మీద నల్ల చుక్కలు ఉంటయి. ఇంకా పెద్దైనంక మగదాని వెనక గ్రంథి ఉబ్బి, నొక్కితే తెల్ల నురగ వస్తది, ఇక డౌటే ఉండదు. తెల్ల రకాల్లో ఈకల రంగు పనికిరాదు, ఈ నురగతోనే చూసుకోవాలె.

తినే గుడ్ల కోసమైతే మగవి ఒక్కటి కూడా అక్కర్లేదు. మగది లేకపోతే గుడ్డు పెట్టదు అనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు, అది అపోహ. ఉంటే నష్టమే, దాణా తింటది, పెట్టల నెత్తి మీద పొడిచి ఈకలు పీకుతది. ఇంకో పెద్ద నష్టం ఎండాకాలంలో కనబడతది: పొదిగే గుణమున్న గుడ్డు మన ఏప్రిల్ ఎండకి ట్రేలోనే లోపల పెరగడం మొదలుపెడతది, కస్టమర్ పగలగొడితే ఎర్ర రింగు. ఆ ఒక్క గుడ్డుతో ఆ షాపు పోయినట్టే. పిల్లలు తీయాలనుకుంటే మాత్రం రెండు మూడు పెట్టలకి ఒక మగది చొప్పున వేరే కేజ్‌లో పెట్టుకోండి.

పిల్లలు తీసేటోళ్లకి ఇంకో ముఖ్యమైన ముక్క. కౌజులకి దగ్గరి రక్తసంబంధం అస్సలు పడదు. ఒకే మందలో అన్నాచెల్లెళ్లని కలుపుకుంటూ పోతే రెండు మూడు తరాలకే గుడ్లు తగ్గుతయి, పొదిగే శాతం పడిపోతది, పిల్లలు బలహీనంగా వస్తయి. చాలా చోట్ల "ఈ బ్యాచ్ ఎందుకో కలిసి రాలేదు" అన్న మాట వెనక ఇదే ఉంటది. ప్రతి తరానికి మగవాటిని వేరే ఫారం నుంచి తెచ్చుకోండి, కొనేముందు అవతలి వాళ్లని కూడా ఈ మాట అడగండి, జవాబు దాటేస్తే వేరే చోట చూసుకోండి.

మాంసం రకమా గుడ్ల రకమా అన్నది కూడా అడగాలె. మాంసం రకం పెట్ట 200 గ్రాములు దాటుతది, గుడ్డు కొంచెం పెద్దదే గానీ తిండి ఎక్కువ. గుడ్ల వ్యాపారానికి 150, 180 గ్రాముల మధ్య పెట్ట చాలు.

స్టెప్ 3: లైటు, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే

పెట్ట గుడ్డు పెట్టాలా వద్దా అన్నది వెలుతురు చూసి దాని ఒళ్లు డిసైడ్ చేస్తది. రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలె. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో పగలు 11 గంటల చిల్లర, జూన్‌లో ఎక్కువలో ఎక్కువ 13 గంటలు దాటి కొన్ని నిమిషాలు, అంటే సంవత్సరంలో ఏ నెలలోనూ మనకి సూర్యుడు ఒక్కడే సరిపోడు. దసరా తర్వాత "చలికి గుడ్లు తగ్గినయి" అంటరు, మన చలి అంత చలేం కాదు, తగ్గింది పగటి వెలుతురు.

పొద్దున 5కి ఆన్, రాత్రి 9కి ఆఫ్, ఇదే ఏడాదంతా. చేత్తో వేసుడు తీసుడు పెట్టుకోవద్దు, ఒక రోజు పెళ్లికి పోతరు, ఒక రోజు మర్చిపోతరు, పిట్టకి మాత్రం ఆ తేడా లెక్కే. టైమర్ స్విచ్ పెట్టండి, కరెంటు పోతే టైమర్ గడియారం వెనకబడే రకం కాకుండా బ్యాటరీ ఉన్నది తీసుకోండి. సాయంత్రం కరెంట్ కట్ ఉన్న ఏరియా అయితే ఒక చిన్న ఇన్వర్టర్‌కి రెండు ఎల్‌ఈడీలు కలిపితే చాలు. వెలుతురు కూడా కళ్లు చెదిరేటట్టు అవసరం లేదు, దాణా తొట్టి దగ్గర నిలబడి పేపర్ చదవగలిగితే సరిపోతది, పది బై పది గదికి వార్మ్ రంగు 9 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి చాలు. అయితే మూడంతస్తుల కేజ్ ఉంటే కింది వరసకి నీడ పడతది, ఆ వరసలో గుడ్లు తక్కువ వస్తున్నయంటే రోగం కాదు, పక్క గోడకి ఇంకో బల్బు పెట్టండి. బల్బుల మీద దుమ్ము తుడవడం కూడా పనిలో భాగమే.

చిన్న పిట్టలకి తొందరపడి 16 గంటలు ఇవ్వొద్దు. ఐదు వారాల వరకు 12 గంటల దగ్గర ఉంచి, అక్కణ్నుంచి వారానికి అరగంట, గంట పెంచుకుంటూ పోండి. ఒళ్లు తయారు కాకముందే గుడ్డు మొదలైతే గుడ్డు చిన్నగా వస్తది, కొన్నిటికి వెనక భాగం బయటికి జారి చచ్చిపోతయి.

స్టెప్ 4: దాణా

గుడ్లు పెట్టే కౌజుకి ప్రొటీన్ 20 శాతం దగ్గర, కాల్షియం 3 శాతం దగ్గర ఉండాలె. ఈ రెండూ ఒకే సంచిలో దొరకడం కష్టం, మొత్తం గొడవ అక్కడే.

గుడ్ల కోళ్లకి పెట్టే లేయర్ దాణాలో కాల్షియం బానే ఉంటది గానీ ప్రొటీన్ 16, 17 దగ్గర ఆగిపోతది, దాంతో గుడ్డు చిన్నదైతది, సంఖ్య కూడా తగ్గుతది. బ్రాయిలర్ స్టార్టర్‌లో (మాంసం కోడిపిల్లల మొదటి దాణా) ప్రొటీన్ 22 ఉంటది గానీ కాల్షియం 1 శాతమే, దాంతో మొదటి రెండు వారాలు గుడ్లు బ్రహ్మాండంగా వస్తయి, పిట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంటది, తర్వాత పెంకు లేని తోలు గుడ్లు, కాళ్లు పడిపోవడం మొదలైతది. కొందరు 94 కిలోల స్టార్టర్‌లో 6 కిలోల షెల్ గ్రిట్ (ఆల్చిప్పల నూక) కలుపుతరు, అంకెల ప్రకారం లెక్క కుదురుతది, ప్రొటీన్ 20 పైన, కాల్షియం 3 పైన. కానీ బ్రాయిలర్ దాణాలో చాలావాటిల్లో కాక్సీ (కాక్సిడియోసిస్ అనే పేగు రోగం) రాకుండా మందు కలిపి ఉంటది, వాటిల్లో కొన్ని గుడ్డులోకి దిగుతయి, నైకార్బజిన్ లాంటివి అయితే గుడ్ల సంఖ్యనే తగ్గిస్తయి. సంచి మీద లేబుల్ చదవకుండా ఆ దారి పట్టొద్దు.

నాకు నచ్చేది సొంతంగా కలుపుకోవడం. 100 కిలోలకి ఇట్ల:

పసుపు మక్కలు 54 కిలోలు, సోయా చెక్క 33 కిలోలు (45 శాతం ప్రొటీన్‌ది), నూనె తీసిన తవుడు 3, షెల్ గ్రిట్ 7, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 1.2, నూనె 1, ఉప్పు 300 గ్రాములు, మిథియోనిన్ 150 గ్రాములు, విటమిన్లు మినరల్స్ కలిసిన లేయర్ ప్రీమిక్స్, టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టేసే పొడి) రెండూ కలిపి 350 గ్రాములు. ప్రీమిక్స్ డోసు కంపెనీని బట్టి మారతది, ప్యాకెట్ మీద ఎంత ఉంటే అంతే వేసి మిగతాది తవుడుతో సర్దుకోండి.

కలిపేటప్పుడు గ్రాముల్లో ఉన్నవన్నీ ముందు రెండు కిలోల మక్క పిండిలో బాగా కలిపి, దాన్ని ఇంకో పది కిలోల్లో కలిపి, అప్పుడు మొత్తంలో వెయ్యాలె. నేరుగా గుమ్మరించి పారతో రెండు తిప్పులు తిప్పితే ఒక కేజ్‌కి ఉప్పంతా పోతది, ఇంకో కేజ్‌కి విటమిన్ అంతా పోతది. మక్కలు మరీ పొడి కావొద్దు, రవ్వలాగ పట్టించండి, పిట్ట ముక్కు చిన్నదే గానీ మెత్తటి పిండి దానికి ఇష్టం ఉండదు, వదిలేస్తది.

గ్రిట్ విషయంలో ఒక చిట్కా. పెంకు కట్టే పనికి మొత్తం 19, 20 గంటలు పడతది, రాత్రి పూట కూడా నడుస్తనే ఉంటది. రాత్రి తినదు కాబట్టి పొట్టలో నెమ్మదిగా కరిగే ముక్కలు ఉండాలె. అందుకే గ్రిట్ అంతా పొడి రూపంలో కాకుండా సగం చిన్న నూకలాంటి ముక్కల్లో ఉంటే మంచిది, సాయంత్రం దాణాలో పిడికెడు ఎక్కువ చల్లితే ఇంకా మంచిది. అట్లని కాల్షియం ఎక్కువైతే కూడా తిండి తగ్గించేస్తది, పెంకు గరుగ్గా సున్నం రాలినట్టు వస్తది. షెడ్డులో ఎండ తగలని పిట్టలకి డీ3 విటమిన్ ప్రీమిక్స్‌లోంచే రావాలె, అది లేకపోతే ఎంత గ్రిట్ పోసినా ఒంటికి పట్టదు. డబ్బా మూత తీసి ఆరు నెలలు ఎండలో పెట్టిన ప్రీమిక్స్ అంటే దుమ్ముతో సమానం.

వానాకాలంలో మక్కలు. దాణాలో అన్నిటికన్నా నేను భయపడేది దీనికే. తేమ ఎక్కువున్న మక్కలకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ తయారైతది, అది లివర్‌ని కొడతది. పచ్చసొనలోకి పోయే కొవ్వూ ప్రొటీనూ తయారయ్యేది లివర్‌లోనే, అందుకే ముందు గుడ్డు చిన్నదైతది, తర్వాత సంఖ్య పడిపోతది, పిట్ట మాత్రం చూడడానికి బానే ఉంటది. గింజ కొరికితే టక్కున విరగాలె, మెత్తగా అణిగితే కొనొద్దు. చెయ్యి సంచి లోపలికి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే లోపల పని మొదలైనట్టే. సంచులు నేల మీద గోడకి ఆనించి కాదు, చెక్కల మీద పెట్టుకోవాలె, జులై నుంచి సెప్టెంబర్ దాకా పదిహేను రోజులకి మించి స్టాక్ పెట్టొద్దు.

స్టెప్ 5: నీళ్లు

దాణా ఎంత తింటే దానికి రెండింతలు నీళ్లు తాగుతది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. నీళ్లు ఒక పూట ఆగిపోతే మరుసటి రోజే గుడ్లు పడిపోతయి, మళ్లీ పుంజుకోడానికి చాలా రోజులు పడతది. నిపుల్ లైన్ (పిట్ట ముక్కుతో తడితే నీళ్లొచ్చే పైపు) ఉంటే రోజూ ప్రతి నిపుల్‌ని వేలితో తట్టి చూడండి, ఒక్క కేజ్‌లోనే గుడ్లు తగ్గినయంటే ముందు అనుమానించాల్సింది ఆ కేజ్ నిపుల్నే.

మన బోరు నీళ్లు చాలా ఏరియాల్లో ఉప్పగా గడుసుగా ఉంటయి. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే పెంకు పల్చబడతది, దాణాలో కాల్షియం ఎంత ఉన్నా సరే. ఒకసారి టెస్ట్ చేయించి, ఉప్పు ఎక్కువుంటే దాణాలో ఉప్పు తగ్గించడమో మంచినీళ్లు కలపడమో చేయండి. ఇంకోటి, నల్ల ట్యాంకు డాబా మీద ఎండలో ఉంటే మధ్యాహ్నం నీళ్లు చేతికే కాలుతయి, పిట్ట ముట్టదు. ట్యాంకుకి తడి గోనె సంచులు చుట్టి, 12కి, 3కి పైపులో వేడి నీళ్లు వదిలేసి కొత్త నీళ్లు పారించండి.

స్టెప్ 6: కేజ్

3 అడుగులు బై 2 అడుగుల కేజ్‌లో 25 పెట్టలు మించొద్దు, ఎండాకాలం 20 అయితే నిమ్మళంగా ఉంటయి. ఎత్తు 10 అంగుళాలు చాలు, ఎక్కువ పెడితే బెదిరినప్పుడు ఎగిరి నెత్తి పగలగొట్టుకుంటయి. ఫ్లోర్ మెష్ అడుగుకి అంగుళంన్నర వాలు ఉండాలె, తక్కువైతే గుడ్డు అక్కడే ఉండిపోయి తొక్కుతయి, ఎక్కువైతే జోరుగా దొర్లి ముందున్న గుడ్డుకి కొట్టుకుంటది. వెంట్రుకంత పగుళ్లు వస్తున్నయంటే కాల్షియం కొనేముందు గుడ్లు వచ్చి ఆగే చోట ఒక పైపు ముక్క చీల్చి తొడగండి, చాలావరకు అక్కడే ఆగిపోతయి.

స్టెప్ 7: గుడ్డును చదవడం

కౌజు పెట్ట ఎక్కువగా మధ్యాహ్నం 3 తర్వాత నుంచి రాత్రి లైట్ ఆపేలోపు పెడతది, కోళ్లలాగ పొద్దున కాదు. అందుకే సాయంత్రం 5కి ఒకసారి, 9కి లైటు తీసేముందు ఒకసారి ఏరుకోవాలె. ఏరేటప్పుడు అన్నీ ఒక్క బుట్టలో కుమ్మరించకుండా కేజ్ వారీగా ట్రేలో పెట్టి ఒక్క నిమిషం చూడండి. ప్రతి పెట్టకి తన మచ్చల తీరు వేరే ఉంటది, పెద్ద పెద్ద నల్ల మరకలు పెట్టేది ఎప్పుడూ అట్లనే పెడతది, ఇసుక చల్లినట్టు సన్న చుక్కలు పెట్టేది ఎప్పుడూ అట్లనే. పది పెట్టలున్న కేజ్‌లో రోజూ చూసేటోళ్లకి ఇవ్వాళ ఏది పెట్టలేదో మచ్చల్ని బట్టే తెలిసిపోతది.

మచ్చల్లేని తెల్ల గుడ్డు వచ్చిందనుకోండి. రంగు వేసే పని గుడ్డు బయటికొచ్చే ముందు చివరి కొన్ని గంటల్లో జరుగుతది. పిట్ట బెదిరి ముందే వదిలేస్తే రంగు పడదు. ఒకటీ రెండూ అయితే పట్టించుకోకండి, ఒకేసారి పదిశాతం గుడ్లు అట్ల వస్తే ముందు రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి: గణేష్ నిమజ్జనం డీజే, దీపావళి బాంబులు, పక్కింటి పెళ్లి బరాత్, రాత్రి పిల్లి వచ్చి కేజ్ మీద కూర్చోవడం. ఏమీ జరగలేదు, నాలుగు రోజులైనా పోలేదు, పిట్టలు కూడా డల్లుగా ఉన్నయంటే అప్పుడు రోగం అనుకోవాలె. తెల్ల గుడ్డే పెట్టే రకాలు కూడా ఉన్నయి, మీది ఆ రకమైతే ఈ గొడవే లేదు.

నీలంగా, పైన సున్నం పూసినట్టు కనిపించే గుడ్డు దీనికి రివర్స్, పెట్టాల్సిన టైముకి పెట్టకుండా లోపలే ఆపుకుంటే రంగు మీద ఇంకో పొర కాల్షియం పడతది. ఇది కూడా బెదురు వల్లనే, ఇరుకు వల్లనే.

తోలు గుడ్డు, అంటే పెంకు లేకుండా పొరతో వచ్చేది, కొత్తగా మొదలుపెట్టిన పెట్టల్లో మొదటి వారం పది రోజులు మామూలే. పెద్ద మందలో వస్తుంటే ముందు గ్రిట్, తర్వాత ప్రీమిక్స్ తేదీ, తర్వాత షెడ్డు వేడి, ఈ వరుసలో చూడండి. రెండు సొనల గుడ్డు లేత పెట్టల్లో వస్తది, పిల్లలకి చూపించి తినేయండి.

లోపలి క్వాలిటీకి వారానికోసారి ప్రతి బ్యాచ్ నుంచి నాలుగైదు గుడ్లు పగలగొట్టండి. కౌజు గుడ్డు లోపలి పొర గట్టిది, అంచుకి కొడితే పెంకు నలిగిపోతది గానీ తెరుచుకోదు, చిన్న కత్తితో మొద్దు వైపు టోపీలాగ కోసి స్టీలు ప్లేట్లో వొంపండి. తాజా గుడ్డుకి పచ్చసొన గుండ్రంగా లేచి నిలబడతది, దాని చుట్టూ తెల్లసొన చిక్కటి వలయంలాగ ఆగుతది, ఆ బయట పల్చటిది కొంచెం ఉంటది. ప్లేట్ వొంచగానే మొత్తం నీళ్లలాగ పారితే ఆ గుడ్డు పాతది, లేదా వేడిలో ఉన్నది, లేదా ముసలి పెట్టది. నిన్నటి గుడ్డే పారిందంటే స్టోరేజ్ చూసుకోండి. రక్తపు చుక్క అప్పుడప్పుడు వస్తది, చిన్న నరం చిట్లితే వచ్చేదే, తినడానికి ప్రమాదం లేదు గానీ కస్టమర్‌కి ఆ ముక్క చెప్పి ఒప్పించలేం. చేప వాసన వస్తే దాణాలో చేప పొడి ఎక్కువైనట్టే.

పచ్చసొన రంగు గురించి మస్తు ప్రశ్నలు వస్తయి. మక్కలు తగ్గించి నూకలు, జొన్నలు పెడితే సొన పాలిపోతది. మునగాకు పొడి, తోటకూర, బంతిపూల పొడి కొంచెం కలిపితే పది రోజుల్లో రంగు ఎక్కుతది. రంగు బాగుంటే అమ్ముడు తేలికైతది, నిజమే, కానీ రంగు ఎక్కువుంటే బలం ఎక్కువని మాత్రం కాదు.

స్టెప్ 8: ఏప్రిల్, మే

షెడ్డులో 25 డిగ్రీల చుట్టుపక్కల పిట్టకి హాయి, 32 దాటితే నోరు తెరిచి రొప్పుడు మొదలుపెడతది, మన దగ్గర బయటే 40, 42. రొప్పినప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్, ఆ కార్బొనేట్‌కి కావాల్సింది రక్తంలోంచే రావాలె, అది తగ్గింది. పైగా వేడికి తిండి కూడా తగ్గిస్తది. అందుకే ఎండాకాలం పల్చటి పెంకుకి ఊకె కాల్షియం మందు పోస్తే ఫలితం ఉండదు, ముందు రొప్పుడు ఆపాలె.

రేకుల మీద తెల్ల సున్నం, దాని మీద వరిగడ్డి, 11 నుంచి 4 దాకా సన్నగా నీళ్లు. పక్కలకి తడి గోనె పట్టాలు కట్టండి గానీ గాలి ఆడాలె, నాలుగు వైపులా మూసి ఫాగర్లు (నీటి తుంపర చిమ్మేవి) వేస్తే ఉక్కకి ఇంకా తొందరగా చస్తయి. దాణా పొద్దున 5కి, సాయంత్రం 5 తర్వాత ఎక్కువ పెట్టండి, మధ్యాహ్నం కదిలించొద్దు. తినే మొత్తమే తగ్గుతది కాబట్టి దాణాలో ప్రొటీన్ ఒక శాతం, గ్రిట్ అర శాతం పెంచండి. కిలో దాణాకి 2 గ్రాముల వంట సోడా కలిపి ఉప్పు కొంచెం తగ్గిస్తే రొప్పే పిట్టలకి సాయం, విటమిన్ సీ కూడా ఇస్తరు, పొద్దున చల్ల నీళ్లలో కలిపి గంటా రెండు గంటల్లో తాగేటట్టు ఇవ్వండి. బెల్లం నీళ్లు ఇచ్చేటోళ్లు లైన్ కడగకపోతే లోపల జిగురు పట్టి నిపుల్స్ మూసుకుపోతయి.

స్టెప్ 9: అప్పటికీ తగ్గితే

పైన చెప్పినవన్నీ చూసినంక కూడా రెండు మూడు రోజుల్లో గుడ్లు సగానికి పడిపోయినయి, రెట్ట నీళ్లగా తెల్లగా ఉన్నది, పిట్టలు ముడుచుకుని కూర్చుంటున్నయి అంటే డాక్టర్ దగ్గరికే. కౌజులకి ఎక్కువగా వచ్చే పేగు పుండ్ల రోగం ఒకటి ఉంది, బ్యాక్టీరియాతో వస్తది, చాలా తొందరగా చంపుతది. చచ్చిన పిట్టని తాజాగా ఐసులో పెట్టి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో దగ్గర్లోని పశువైద్యశాలకో తీసుకుపోయి పోస్టుమార్టం చేయించండి. ఫోన్లో లక్షణాలు చెప్పి యాంటీబయాటిక్ తెచ్చి పోసేది మాత్రం మానుకోండి, ఆ మందు గుడ్డులోకి వస్తది, డాక్టర్ చెప్పిన రోజులదాకా ఆ గుడ్లు అమ్మొద్దు. ఒకేసారి చాలా చచ్చిపోతుంటే తాకొద్దు, వెంటనే పశుసంవర్ధక శాఖకి చెప్పాలె. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎట్లా నాశనం చేసిందో చూసినం కదా, కౌజులకి కూడా అది సోకుతది.

స్టెప్ 10: ఏరడం, దాచడం, తీసేయడం

గుడ్లు కడగొద్దు. పెంకు మీద సన్నటి పొర ఉంటది, కడిగితే అది పోయి లోపలికి క్రిములు పోతయి. పొడి గుడ్డతో తుడవండి, మరీ మురికివి పక్కన పెట్టి ఇంట్లో వాడుకోండి. నిమ్మరసం, వెనిగర్ అసలు తాకించొద్దు, మచ్చలు కరిగి పోతయి. సన్నటి కొన కిందికి పెట్టి ట్రేలో సర్దండి. ఎండాకాలం ఏరిన రోజే ఫ్రిజ్‌లోకి, అప్పుడు నెలదాకా బానే ఉంటయి, బయట 38 డిగ్రీల్లో అయితే మూడు నాలుగు రోజులకే తెల్లసొన నీరైపోతది. పొదిగించే గుడ్లు మాత్రం ఫ్రిజ్‌లో కాదు, 15 నుంచి 18 డిగ్రీల చల్లటి చోట, వారంలోపు మెషిన్‌లో పెట్టేయాలె, 17, 18 రోజుల్లో పిల్లలు వస్తయి.

అమ్మేటప్పుడు "షుగర్ తగ్గుతది, ఆస్తమా పోతది" అని ప్యాకెట్ మీద రాసుకోవద్దు. ఐదు కౌజు గుడ్లు కలిస్తే ఒక కోడిగుడ్డు, అంతే. వంద గ్రాములకి చూస్తే కొలెస్ట్రాల్ కోడిగుడ్డు కన్నా రెండింతలు పైనే ఉంటది. రుచి, సైజు, తాజాదనం మీద అమ్మండి, రెస్టారెంటోళ్లు అడిగేది కూడా ఒకే సైజు గుడ్లు, పగుళ్లు లేనివి.

ఎనిమిది నెలలు దాటినంక పర్సెంటేజ్ మెల్లగా దిగుతది, గుడ్డు కొంచెం పెద్దదై పెంకు పల్చబడతది. అప్పుడు మొత్తం మందను ఒకేసారి తీసేయకుండా పట్టి చూడండి. పెట్టని వెల్లకిలా చేతిలో పట్టుకుని వెనక రెండు సన్న ఎముకల మధ్య వేలు పెడితే, గుడ్లు పెట్టేదానికి వేలు దూరి ఇంకా సందు ఉంటది, చర్మం మెత్తగా తడిగా ఉంటది, మానేసినదానికి ఎముకలు దగ్గరికి వచ్చి గట్టిగా ఉంటయి. మానేసినవాటిని మాంసానికి పంపండి, మిగతావి 60 శాతం పైన పెట్టినంత కాలం ఉంచండి. కొత్త బ్యాచ్‌ని మాత్రం ఐదు వారాల పిట్టలుగా రెండు నెలల ముందే బుక్ చేసుకోవాలె, పాతవి తీసేసి షెడ్డు కడిగి సున్నం కొట్టి పది పదిహేను రోజులు ఖాళీగా ఎండబెట్టి అప్పుడు దింపండి, పాతవాటి పక్క కేజ్‌లో కొత్తవి కలిపి పెట్టే పని పెట్టుకోవద్దు.